మెట్లెక్కిన సైకిలు

సైకిల్ దుకాణం,
జూన్ 3

అక్కా,

నువ్వు, బావ కులాసాయే కదా. నేను కులాసాగా లేను. పొద్దున్నుంచీ ఒళ్ళు మండిపోతోంది. ఎవరితోనైనా చెప్పుకోకపోతే ముద్ద దిగేలా లేదు. ఫోను చేద్దామంటే మనిద్దరం ఫోనులో రెండో నిమిషం దాటి మాట్లాడుకున్నది ఎప్పుడు? మూడో నిమిషానికి ఎవరో ఒకరు ఠపీమని పెట్టేస్తాం. ఉత్తరాలు రాసుకోండర్రా అని అమ్మ ఊరికే చెప్పలేదు.

సంగతేంటంటే, ఏదో పెద్ద ఆఫీసు నుంచి దుకాణానికి ఉత్తరం వచ్చింది. నేను తయారు చేసే సైకిళ్ళకి అడ్డకడ్డీ మీద దుకాణం అడ్రసు రంగుతో రాస్తానుగా, అది చూసి రాశారట. "మీ దుకాణంలో తయారైన మౌంటెన్ బైక్ మీద నిటారుగా ఉన్న మూడువందల పన్నెండు మెట్లు తొక్కుకుంటూ ఎక్కడం సాధ్యమా? నిపుణులుగా మీ అభిప్రాయం తెలుపగలరు" అని. నిపుణులట అక్కా! ఇరవై ఏళ్ళుగా ఈ వీధిలో నన్ను "ఒరేయ్ పంక్చరూ" అని తప్ప ఇంకో మాటతో పిలిచినవాడు లేడు.

అంతవరకూ బాగానే ఉంది. కింద ఇంకో ముక్క ఉంది. ఎవడో ఉద్యోగి రోజుకి మూడుసార్లు అలా ఎక్కేవాడినని విచారణలో చెప్పాడట. వీపున పెట్టె కూడా పెట్టుకునేనట! వాడి మొహం ఎలా ఉంటుందో చూడాలని ఉంది. నేను చేసిన సైకిలు పేరు చెప్పుకుని అంత కోత కోయడానికి వాడికి నోరెలా వచ్చింది? రేపు ఇంకొకడు వాడి మాట నమ్మి మెట్ల మీదికి సైకిలు తోలి పళ్ళు రాలగొట్టుకుంటే ఎవరి పేరు చెబుతారు?

అందుకే పని ఆపేసి కూర్చుని రెండు పేజీలు రాశాను. చక్రం బొమ్మ, మెట్టు బొమ్మ వేసి, ఎక్కడ పట్టు తప్పుతుందో బాణం గుర్తులు పెట్టాను. చివర "అసాధ్యం" అని రాసి కింద మూడు గీతలు గీశాను. వాళ్ళు అడక్కపోయినా ఇంకో మాట చేర్చాను. "అలా ఎక్కానన్న మనిషి పచ్చి అబద్ధాలకోరు. అలాంటివారిని ఉద్యోగంలో ఉంచుకోవడం మీకు క్షేమం కాదు" అని. దుకాణం ముద్ర కూడా వేశాను, రెండుచోట్ల.

ఇప్పుడు కాస్త మనసు చల్లబడింది. నీ సైకిలు ఎలా నడుస్తోంది? ఏడాది దాటింది, ఒక్క రిపేరూ రాలేదు. చూశావా నా పని!

నీ తమ్ముడు


మెట్లకింద వీధి,
జూన్ 9

ఒరేయ్ నిపుణుడా,

ఆ పచ్చి అబద్ధాలకోరుని నేనే.

నువ్వు నాకు రాసిన ఉత్తరం ఇవాళ వచ్చింది. నువ్వు వాళ్ళకి రాసింది నిన్ననే నా ఎదురుగా చదివేశారు. పొడుగాటి బల్ల, దాని వెనక నలుగురు, ఎదురుగా ముక్కాలిపీట లాంటి కుర్చీలో నేను. విచారణ చేసే పెద్దాయన కళ్ళజోడు తుడుచుకుని నీ రెండు పేజీలూ అక్షరం పొల్లుపోకుండా చదివాడు. బాణం గుర్తులున్న బొమ్మని అందరికీ తిప్పి తిప్పి చూపించాడు. ఆ కాగితం కింద ముద్ర కూడా చూపించాడు. ఆ ముద్ర ఎవరు చేయించార్రా? నువ్వు దుకాణం తెరిచిన రోజున నేనే చేయించి నీ చేతిలో పెట్టాను. దాంతోనే నా మెడ మీద గుద్దావు. రెండుచోట్ల గుద్దావు.

నా పనేంటో నీకు తెలుసుగా? తెలియకపోతే ఇప్పుడు తెలుసుకో. కొండ కింద చిన్న క్లినిక్ ఉంది. అక్కడ పొద్దున ఏడున్నరకి, తొమ్మిదిన్నరకి, పదకొండున్నరకి జనం దగ్గర రక్తం తీస్తారు. తీసిన ప్రతిసారీ ఆ సీసాలు పెట్టెలో పెట్టుకుని కొండ మీది ఆసుపత్రి లేబ్‌కి నేను తీసుకెళ్ళాలి. రిజిస్టరులో ప్రతిసారీ పదిహేను నిమిషాల్లో చేరినట్టు ఉంది. రోడ్డు మీద చుట్టూ తిరిగి వెళ్తే ముప్పావుగంట, మెట్ల మీద నడిచి వెళ్తే అరగంట పైన పడుతుంది, మరి పదిహేను నిమిషాల్లో ఎలా చేరావు అని అడిగారు. సైకిలు మీద మెట్లెక్కి చేరానని చెప్పాను. "ఇది గోడైనా ఎక్కుతుందక్కా" అని ఈ సైకిలు లారీలో వేసి పంపేటప్పుడు అన్నది ఎవరు? నువ్వు కాదూ?

ఏడేళ్ళ నుంచీ కాంట్రాక్టు మీద పడి ఉన్నాను. ఆగస్టులో పర్మనెంట్ లిస్టు వస్తుంది. అందులో నా పేరు ఉంది. ఉండేది, నువ్వు కలం పట్టుకునే ముందు వరకూ. ఎవడో ఏమిటో కనుక్కోకుండా, ఒక మనిషిని ఉద్యోగంలోంచి తీసెయ్యండని రాయడానికి నీకు చెయ్యెలా వచ్చింది? నీ బుద్ధి గడ్డి తినడానికి వెళ్ళిందా?

వెంటనే ఇంకో ఉత్తరం రాయి. మొదటిది తొందరలో రాశాను, మళ్ళీ పరీక్షించి చూశాను, నా సైకిలు మీద ఎక్కవచ్చు అని రాయి. బొమ్మ వెయ్యకు.

అక్క


సైకిల్ దుకాణం,
జూన్ 15

అక్కా,

నీ ఉత్తరం చదివి స్టూలు మీద కూలబడ్డాను. పంక్చరుకి వచ్చినవాడు నీళ్ళు తెచ్చి ఇచ్చాడు.

తప్పు నాదే. ఆ ఆఫీసు కాగితం పైన ఆరోగ్యశాఖ అని ఇంతింత అక్షరాలతో అచ్చువేసి ఉంది. ఇప్పుడు తీసి చూశాను. "నిపుణులుగా" అన్న మాట దగ్గర ఆగిన కళ్ళు ఇంక పైకీ వెళ్ళలేదు, పక్కకీ వెళ్ళలేదు. చెంపలు వాయించుకున్నాను.

నా తిట్లు అయిపోయాయి, ఇప్పుడు నీవి. నీ మీద విచారణ జరుగుతుంటే నాకొక్క ముక్క రాయవా? నేనేమైనా పరాయివాడినా? బావకైనా చెప్పావా, లేక ఆయన కూడా ఎవరి దగ్గరో వినాలా? చిన్నప్పుడు చెయ్యి విరిగితే కూడా సాయంత్రం దాకా లంగా కింద దాచుకుని కూర్చున్నావు. నీ బుద్ధి ఎక్కడికి పోతుంది!

రెండో ఉత్తరం రాయమంటున్నావు. గోడైనా ఎక్కుతుందన్నది అమ్మేవాడి మాట. మా దుకాణం మేడ మీద బట్టలమ్మే ఆయన ఈ రంగు పోతే మా పేరు మార్చుకుంటాం అంటాడు. నువ్వు రంగు పోయిన ప్రతిసారీ వెళ్ళి ఆయన పేరు మారుస్తున్నావా? చూడు, మెట్టుకి ముందు చక్రం కొట్టుకోగానే ఊపు సగం చస్తుంది. రెండో మెట్టుకి మిగతా సగం. ముందుకి వంగితే వెనక చక్రం జారుతుంది. వెనక్కి వాలితే ముందు చక్రం లేచి వెల్లకిలా పడతావు. వెడల్పుగా ఉండే పొట్టి మెట్లయితే మంచి ఊపు మీద నాలుగో ఐదో ఎక్కొచ్చు. పోటీల్లో ఒక్కొక్క మెట్టూ సైకిలుతో సహా కప్పలా గెంతుతూ ఎక్కేవాళ్ళున్నారు. వాళ్ళకి జీవితమంతా అదే పని, వాళ్ళ వీపు మీద రక్తం సీసాలుండవు. మూడువందల పన్నెండు నిటారు మెట్లు, రోజుకి మూడుసార్లు, నలభై దాటిన మా అక్క!

అయినా నువ్వు ఎక్కానంటే నేను కాదనే ముందు ఒక్కసారి ఆగుతాను. ఒక్కటే అడుగుతున్నాను. నిజంగా ఎక్కావా? ఆ ఒక్క మాట రాయి చాలు.

తమ్ముడు


మెట్లకింద వీధి,
జూన్ 28

తమ్ముడూ,

నువ్వు నాకు ప్రశ్నలు వెయ్యకు. వేసేవాళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారు.

నీ బొమ్మల పుణ్యాన ఇంకో ఉపద్రవం వచ్చిపడింది. నిపుణులు అసాధ్యమంటున్నారు, ఈవిడ సాధ్యమంటోంది, ఎక్కి చూపించమనండి సరిపోతుంది అని ఆ నలుగురిలో ఒకాయన అన్నాడు. అందరూ తలూపారు. జూలై ఆఖరి రోజున పొద్దున్నే, మెట్ల దగ్గర, కమిటీ ఎదురుగా నేను సైకిలు మీద ఎక్కాలట. వీధి వీధంతా ఈ మాటే. కూరగాయల కొట్టు ముసలాయన నన్ను చూసి, "ఏమ్మా, పై నుంచి దిగేటప్పుడు మేడల మీంచి దూకుతావా?" అని నవ్వాడు. నవ్వనీ.

సైకిలు లారీ పార్సెల్లో వేశాను. నీకు ఈ వారంలో చేరుతుంది. గేరు తేలిక చెయ్యి, టైరు మార్చు, ఏం చేస్తావో నాకు తెలియదు, ఎక్కేలా చెయ్యి. లేబ్ పెద్దాయన, మేమంతా ఆయన్ని గడియారం అంటాం, మాట్లాడుతున్నంతసేపూ చేతికున్నది చూసుకుంటూనే ఉంటాడు, ఆయన ఒక మాటన్నాడు. "నువ్వు పది మెట్లెక్కు చాలమ్మా, తర్వాత కాలు నొప్పి అను. మిగతాది నేను చూసుకుంటాను" అని. పది మెట్లు. ఆ మాత్రం చెయ్యలేని సైకిలుకి అడ్రసు రాసుకుని ఎందుకు తిరుగుతున్నావు?

ఈ నెల రోజుల్లో నా కడుపులో ఎంత మంట ఉందో నీకు తెలియదు. అంతా నీ వల్లే. అది మాత్రం మర్చిపోకు.

అక్క


సైకిల్ దుకాణం,
జూలై 8

అక్కా,

సైకిలు వచ్చింది. మూడు రోజులు దాన్ని ముందు పెట్టుకుని కూర్చున్నాను. నువ్వు నా ప్రశ్నకి జవాబు రాయలేదు. సైకిలు చెప్పింది.

మెట్టెక్కే సైకిలుకి పెడల్ దగ్గరుండే పళ్ళచక్రం ముందుగా మెట్టు అంచుకి తగులుతుంది. పది మెట్లెక్కితే పళ్ళు వంగుతాయి, యాభై ఎక్కితే విరుగుతాయి. నీ పళ్ళచక్రం నేను పంపినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది. చక్రాల రిమ్ముకి ఒక్క సొట్ట లేదు. వెనక ఉన్న అన్నిటికన్నా పెద్ద గేరు, ఎక్కడానికి పనికొచ్చేది, దాని మీద కొత్తలో పూసిన నల్లరంగు ఇంకా చెక్కుచెదరలేదు. చైను ఒక్కసారి కూడా దాని మీదికి వెళ్ళలేదు. అంటే నువ్వు మెట్లే కాదు, రోడ్డు ఎత్తు కూడా తొక్కలేదు. దిగి తోసుకుంటూ వెళ్ళావు.

అంతవరకైతే నవ్వి ఊరుకునేవాడిని. మా అక్క కోత కోసింది, ఇరుక్కుంది, అనుకునేవాడిని. తర్వాత బ్రేకులు విప్పాను.

ఆ రబ్బరు కట్టలు నేను బిగించినవే. బిగించే ముందు ఆకురాయితో నేను పెట్టే అడ్డగీత వాటి మీద ఉంది. కొండ మీంచి రోజుకి మూడుసార్లు దిగే సైకిలుకి అవి నాలుగు నెలలు రావు. నీకు ఏడాది దాటి రెండు నెలలు వచ్చాయి, ఇంకా కాస్త మిగిలి ఉన్నాయి. లెక్క ఎటు నుంచి వేసినా ఒక్కటే తేలుతోంది. నువ్వు రోజుకి ఒక్కసారే దిగావు. దిగింది ఒక్కసారైతే ఎక్కింది కూడా ఒక్కసారే.

మరి పొద్దున ఏడున్నరకి తీసిన రక్తం ఎక్కడుందక్కా? తొమ్మిదిన్నరది ఎక్కడుంది? పదిహేను నిమిషాల్లో చేరినట్టు రిజిస్టరులో ఎవరు రాశారు? విచారణ ఎందుకు పెట్టారో నాకు ఇంతవరకూ ఒక్క ముక్క చెప్పలేదు. మెట్ల గురించి మాత్రమే చెప్పావు. నాలాంటి వెధవ మెట్ల గురించే వాదిస్తాడని నీకు తెలుసు.

గేరు మార్చలేదు. స్పానరు మూలకి గిరాటేశాను. అంత కోపంగా ఉంది.

తమ్ముడు


మెట్లకింద వీధి,
జూలై 14

తమ్ముడూ,

నిన్ను సైకిలు బాగు చెయ్యమంటే నన్ను విప్పి బల్ల మీద పరిచావు. సంతోషమా?

సరే, విను. ఒక్కసారే వెళ్ళేదాన్ని. పన్నెండింటికి, మూడు విడతల సీసాలూ కలిపి. మొదట్లో మూడుసార్లు నడిచే వెళ్ళాను, ఆ మెట్లెక్కి. ఆ పెట్టె వీపున పెట్టుకుని రోజుకి తొమ్మిది వందల ముప్పై ఆరు మెట్లు ఎక్కి చూడు, తర్వాత నాకు నీతులు చెప్పు. మోకాళ్ళు వాచి నేల మీద కూర్చోలేకపోయేదాన్ని. అందుకే సైకిలు చేయించుకున్నాను. రోడ్డు ఎత్తు చూశాక అదీ నా వల్ల కాలేదు. ఒకరోజు వానొచ్చి మొదటి విడత ఆగిపోయింది. మూడూ కలిపి మధ్యాహ్నం తీసుకెళ్ళాను. తిడతాడనుకున్న గడియారం తిట్టలేదు. "ఇదే బావుంది, మాకూ మిషను ఒక్కసారి వేస్తే సరిపోతుంది. రిజిస్టరులో మాత్రం విడివిడిగా రాయి, పదిహేను నిమిషాలు దాటనివ్వకు" అన్నాడు. పదిహేను నిమిషాల రికార్డుకి ఆయనకి పైనుంచి మెచ్చుకోలు కాగితం కూడా వచ్చింది. అద్దం కట్టించి గోడకి పెట్టుకున్నాడు.

ఆ సీసాలు పొద్దున్నుంచీ క్లినిక్ కిటికీ అరుగు మీద ఉండేవి. నాకేం తెలుసు? నేను మోసేదాన్ని. నిలవ ఉన్నకొద్దీ రక్తంలో చక్కెర తగ్గిపోతుందని నాకేం తెలుసు? మా వీధి చివర టైలరమ్మ ఉంది, నా యూనిఫారాలన్నీ ఆవిడే కుట్టింది. చక్కెర జబ్బు మనిషి. పొద్దున్నే వచ్చేది, మొదటి విడత. నాలుగు నెలలు వరసగా చక్కెర బాగా తగ్గిందని రిపోర్టు వచ్చింది. డాక్టరు మందు తగ్గించాడు, మళ్ళీ తగ్గించాడు. ఫిబ్రవరిలో మిషను మీద కుడుతూ కుడుతూనే పడిపోయింది. పై ఆసుపత్రిలో చూస్తే చక్కెర ఆకాశంలో ఉంది. ప్రాణం దక్కింది, చూపు సగం పోయింది. ఇంక సూదిలో దారం ఎక్కించలేదు. వారం కిందటి రిపోర్టు అంత బావుండి ఇప్పుడిలా ఎలా ఉందని వార్డులో కొత్త డాక్టరమ్మ పైకి రాసింది. అదీ విచారణ.

ఆ బల్ల ముందు "పదిహేను నిమిషాల్లో ఎలా చేరావు" అని అడిగేసరికి గడియారం వైపు చూశాను. ఆయన చేతికున్న గడియారం చూసుకుంటున్నాడు. నోటికి ఏదొస్తే అది చెప్పాను. సైకిలు వచ్చింది నోటికి.

ఇప్పుడు చెప్పాను కదా. ఇంక సైకిలు పంపు. నా ఉద్యోగం పోతే టైలరమ్మకి చూపొస్తుందా? నాకేం తెలుసని నన్ను ఇంతమంది కలిసి కాల్చుకు తింటున్నారు?

అక్క


సైకిల్ దుకాణం,
జూలై 20

అక్కా,

"నాకేం తెలుసు" అని ఒక్క ఉత్తరంలో మూడుసార్లు రాశావు. నిజంగా తెలియనివాళ్ళు ఒక్కసారి అని ఊరుకుంటారు.

నీ మోకాళ్ళ గురించి చదివినప్పుడు ఏడుపొచ్చింది. ఆ తర్వాత టైలరమ్మ దగ్గరికి వచ్చేసరికి ఆ ఏడుపు కూడా ఎక్కడికో పోయింది. నీ మీద నాకింత కోపం ఎప్పుడూ రాలేదు. ఆ గడియారం సంగతి సరేసరి, వాడు దొరికితే అద్దం కట్టించిన ఆ కాగితం వాడి నెత్తి మీదే పగలగొడతాను. కానీ వాడు నాకు అక్క కాదు.

సైకిలు పంపుతున్నాను. ముందు పళ్ళచక్రం చిన్నది వేశాను, టైర్లు మార్చి గాలి తక్కువ పెట్టాను. ఊపుతో వస్తే నాలుగు మెట్లెక్కుతుంది, నీ అదృష్టం బావుంటే ఐదు. ఆరో మెట్టు దగ్గర నడుము విరుగుతుంది. పది అన్నవాడిని పక్కన నిలబడి పట్టుకోమను.

ఈ కవరులో ఇంకో కాగితం ఉంది చూడు. నువ్వడిగిన ఉత్తరమే. నా మొదటి అభిప్రాయం తప్పు, ఎక్కవచ్చు అని రాసి సంతకం పెట్టి ముద్ర వేశాను. ఒక్కచోటే వేశాను. నా మాట మీద నాకున్న గౌరవం అంతా అందులో పోతుంది. పోనీ. నీకంటే ఎక్కువేమీ కాదు. కానీ దాన్ని నేను పోస్టు చెయ్యను. నువ్వే, నీ చేత్తో, ఆ బల్ల మీద పెట్టాలి. పెట్టాక ఇంటికి వెళ్ళేటప్పుడు వీధి చివర నుంచి వెళ్తావో, వేరే దారిలో వెళ్తావో నాకు మాత్రం రాయకు.

తమ్ముడు


మెట్లకింద వీధి,
ఆగస్టు 5

తమ్ముడూ,

అయిదు రోజులైంది. ఇవాళ కానీ కలం పట్టుకోలేకపోయాను.

ముందు నువ్వు పట్టేసిన ఆ "నాకేం తెలుసు" సంగతి. తెలుసు. క్లినిక్ గోడకి ఒక కాగితం అంటించి ఉంటుంది, తీసిన గంటలోపు లేబ్‌కి చేర్చాలి అని. కింద ఎర్ర అక్షరాలతో ఎందుకో కూడా ఉంటుంది. రోజూ ఆ గోడ తుడిచేది నేనే. ఆ కాగితం ఊడిపోతే జిగురు రాసి మళ్ళీ అంటించింది కూడా నేనే.

ఆఖరి రోజు పొద్దున్న మెట్ల దగ్గరికి సైకిలు తోసుకుంటూ వెళ్ళాను. నీ కాగితం జాకెట్టులో ఉంది. కమిటీ నలుగురూ వచ్చారు. వీధిలో సగం మంది వచ్చారు. గడియారం పై నుంచి దిగి వచ్చి, నా పక్కన నిలబడి, "భయపడకు, పది చాలు" అన్నాడు మెల్లగా. నాలుగు రోజుల పాటు కాలవగట్టు మీద ఊపు అలవాటు చేసుకున్నాను. బావ వెనక పరిగెత్తాడు. నిజం ఆయనకి చెప్పలేదు, ఆయన అడగలేదు.

సైకిలెక్కి వెనక్కి తిప్పుకున్నాను, ఊపు కోసం. అప్పుడు చూశాను, మొదటి మెట్టు మీద ఓ పక్కగా టైలరమ్మ కూర్చుని ఉంది. వాళ్ళత్తగారు పక్కన నిలబడి ఉంది. ఎవరో నేనొచ్చానని చెప్పినట్టున్నారు, టైలరమ్మ నేనున్న వైపు కాకుండా కాస్త పక్కకి చూస్తూ అంది, "ఎక్కమ్మా, ఎక్కు. నువ్వు నిజంగా ఎక్కగలిగితే నా రక్తం టైముకే చేరినట్టు. రిపోర్టులు సరైనవే అయినట్టు. మరి తప్పు నాదే అయ్యుంటుంది. నిద్రలో లేచి తీపి తింటున్నానేమో. వీళ్ళందరూ అంటున్నది అదేగా."

వాళ్ళత్తగారు, "నిద్రలో కాదు, మెలకువగానే. రిపోర్టులన్నీ బావున్నాయి. దొంగతనంగా తినకపోతే చక్కెర ఎక్కణ్ణించి వచ్చింది?" అంది, అందరికీ వినపడేలా.

అప్పుడు నాకు వచ్చిన కోపం ఇంతకు ముందెప్పుడూ రాలేదు. నీ మీద రెండు నెలలు చూపించిన కోపం దీని ముందు ఉత్త గాలి. పెడల్ మీద కాలు అలాగే ఉంది. గడియారం చెయ్యి ఊపాడు, పద అన్నట్టు. సైకిలు దిగి వాడి కాళ్ళ ముందు పడేశాను. ముందు పళ్ళచక్రానికి సొట్టలు పడ్డాయి, నువ్వు తిట్టుకోకు.

"ఎక్కదు. ఇది ఎక్కదు, ఏ సైకిలూ ఎక్కదు. నేను ఒక్కనాడూ ఎక్కలేదు. రోజుకి ఒక్కసారే, పన్నెండింటికి వెళ్ళేదాన్ని. ఈవిడ రక్తం నాలుగున్నర గంటలు ఎండలో కిటికీ మీద ఉండేది. రిజిస్టరులో రాసినవన్నీ దొంగ టైములు. నేనే రాశాను, ఈయన రాయమన్నాడు" అని అరిచాను. అరిచాననే చెప్పాలి, గొంతు ఇంకా బొంగురుగానే ఉంది.

గడియారం, "ఈవిడకి మతి పోయింది, నాకేం తెలుసు?" అన్నాడు. నా మాటే తమ్ముడూ. అచ్చం నా మాటే.

విచారణ పెద్దాయన అన్నీ రాసుకున్నాడు. నాకు అక్కడికక్కడే పని ఆపెయ్యమన్నారు. పర్మనెంట్ లిస్టులో నా పేరు కొట్టేసి వచ్చింది, చూశాను. గడియారానికి సంజాయిషీ నోటీసు ఇచ్చారు. వాడు ఇంకా ఆఫీసుకి వెళ్తున్నాడు. దానికి మాత్రం కడుపు రగులుతూనే ఉంది. నా దగ్గరున్న పాత చీటీలన్నీ, వాడి రాతలో "మూడు విడతలు విడివిడిగా" అని ఉన్నవి, వెతికి డాక్టరమ్మకి ఇచ్చాను. నీ కాగితం పొయ్యిలో వేశాను. నీ మాట మీద నీ గౌరవం నీ దగ్గరే ఉంచుకో, నిపుణుడా.

టైలరమ్మ ఆ రోజు తిడుతుందని ఎదురుచూశాను. లేచి అత్తగారి చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయింది. మర్నాడు కబురు పంపింది, ఇంటికి రమ్మని. వెళ్ళాను. కూర్చోమనలేదు. వాళ్ళాయన, అత్తగారు, ఆడపడుచు అందరినీ గదిలోకి పిలిచి, "ఇప్పుడు చెప్పు. అక్కడ చెప్పిందంతా మళ్ళీ మొదట్నుంచీ, ఒక్కొక్కరి మొహం చూస్తూ చెప్పు" అంది. చెప్పాను. మధ్యలో ఏడుపొస్తే, "ఏడుపు తర్వాత, ముందు చెప్పు" అంది.

ఆరు నెలలుగా ఆవిడ నోరు వాసన చూసేవారట తమ్ముడూ. పరుపు కింద వెతికేవారట. కూతురు కూడా తల్లి చేతులు నాకి చూసేదట, తీపి తగులుతుందేమోనని.

అంతా విని ముసలావిడ లోపలికి వెళ్ళింది. బొడ్లోంచి తాళంచెవి తీసి, బీరువాలో దాచిన చక్కెర డబ్బా తెచ్చి కోడలి ఒళ్ళో పెట్టింది. టైలరమ్మ దాన్ని తడిమి చూసి, "ఇప్పుడెందుకత్తయ్యా ఇది? నేను ఎప్పుడూ తినలేదుగా, ఇప్పుడు మాత్రం తింటానా?" అని మళ్ళీ ఆవిడ చేతికే ఇచ్చేసింది.

వచ్చేస్తుంటే గుమ్మం దాకా గోడ పట్టుకుని వచ్చింది. క్షమించమని అడగబోయాను. "అది నన్ను అడక్కు. కొండ మెట్ల పైన వీధిలో మా పుట్టింటివాళ్ళున్నారు. మా అన్నయ్య నాతో మాట్లాడ్డం మానేశాడు, తిండి దగ్గర బుద్ధి లేనిదానితో నాకేంటని. రేపు అక్కడ చెప్పాలి. నాకు మెట్లు సరిగా కనపడవు, నువ్వే చెయ్యి పట్టుకుని ఎక్కించాలి" అంది.

ఏడున్నరకి రమ్మంది.

అక్క